నేను లంబకోణం దగ్గరున్నాను

మా చిన్నతనంలో గుణుపురం చుట్టుపక్కల ఎవరూ అడ్డంగా నడిచేవారు కాదు. అప్పటి మనుషులు ఇప్పటివాళ్ళకంటే బుద్ధిమంతులని చెప్పడం లేదు (మా ఇంట్లోవాళ్ళని చూసి పెరిగినవాణ్ణి, అంత మాట అనలేను). ఉభాలు అయిపోయి, నాటిన నారు మడుల్లో నిలదొక్కుకుంటున్న రోజుల్లో గట్టు దిగి కాలు పెట్టడమంటే, పక్కింటి వంటగదిలోకి చెప్పులతో వెళ్ళి కుండ మూత తీసి చూసినంత పని. అందుకని మా ఊరి పిల్లలం, బడి పెంకుల కప్పు ఎదురుగా కనిపిస్తున్నా సరే, ఒక గట్టు చివరిదాకా నడిచి, మూల తిరిగి, ఇంకో గట్టు పట్టుకుని వెళ్ళేవాళ్ళం. మూడో దారి ఒకటుందని మా కాళ్ళకు ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా మీద ఉన్న నేరానికి నా జవాబంతా ఈ గట్ల మీదే నిలబడి ఉంది.

నేరం ఏమిటంటే, పదో తరగతిలో నేను మా లెక్కల మేస్టారిని బురదలోకి తోసి పారిపోయానట. మా బావమరిది ఏ పెళ్ళి భోజనంలోనైనా పక్కవాడికి నన్ను ఇలాగే పరిచయం చేస్తాడు. "ఇప్పుడు సూడండి, ఎంత బుద్ధిగా పప్పన్నం కలుపుకుంటన్నాడో. సిన్నప్పుడు మేస్టర్ని బురదలోకి తోసేసినోడు ఈడే" అని. (ఆ రోజు అతను మునిగుడలో ఉన్నాడు. మా బడి ఏ దిక్కున ఉందో కూడా అతనికి తెలియదు.) బంధువుల నోళ్ళ సంగతి నాకు అలవాటే. కానీ నేనిప్పుడు రాయగడలో ఒక హైస్కూల్లో లెక్కల మేస్టర్ని. మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "సార్, మీరు మీ సార్ని తోసేసేరంట కదా, మా మామ్మ సెప్పింది. నిజమేనా సార్?" అని అడిగింది. క్లాసంతా పుస్తకాల వెనక దాక్కుని నవ్వింది. "కూర్చో అమ్మీ, ముందు ఆ త్రిభుజం సరిగ్గా గియ్యి" అన్నాను గానీ, ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. ఇక ఊరుకునేది లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నేను తోయలేదు. తోయడం గణితశాస్త్రం ప్రకారం సాధ్యం కూడా కాదు. అది కూడా రుజువు చేస్తాను.

మా మేస్టారిని మేము కొలబద్ద సార్ అనేవాళ్ళం. చంకలో ఎప్పుడూ చెక్క కొలబద్ద ఉండేది. దాంతో ఆయన ఎవర్నీ కొట్టగా నేను చూడలేదు, బోర్డు మీద గీత గీయడానికీ, కిటికీలోంచి వచ్చే మేకను అదిలించడానికీ వాడేవారు. కటకం వైపునుంచి వచ్చినవారు. పాఠం చెప్పేది ఒరియాలో. మేము ఇంట్లో శ్రీకాకుళం తెలుగు, బడిలో ఒరియా, సంతలో రెండూ కలిపి మాట్లాడుకునే పిల్లలం కాబట్టి అర్థం కాకపోవడమనే సమస్య లేదు, అర్థమైనదాన్ని ఒప్పుకోవడమే సమస్య. ప్రతి లెక్క చివరా ఆయన కొలబద్దతో బోర్డు మీద తట్టి "బుఝిలు?" అనేవారు, అంటే అర్థమైందా అని. "బుఝిలి" అనాలి మేము, అర్థమైందని. క్లాసంతా అనేది. నేను అనేవాణ్ణి కాదు. అర్థం కాకుండా అయిందని చెప్పడం నాకు చేతకాలేదు, ఈ ఒక్క గుణం చూసుకుని మా అమ్మ నన్ను సత్యవంతుడనుకునేది, మా అయ్య మొండెదవ అనేవాడు.

మొదటి గొడవ లంబకోణ త్రిభుజంతో వచ్చింది. ఒకడు తూర్పుకు నాలుగు మీటర్లు నడిచి, అక్కణ్ణుంచి ఉత్తరానికి మూడు మీటర్లు నడిచాడు. బయల్దేరిన చోటుకు ఇప్పుడు ఎంత దూరంలో ఉన్నాడు? "ఏడు" అన్నాను. సార్ నవ్వి, బోర్డు మీద ఏటవాలుగా ఒక గీత గీసి, ఇది కర్ణం, దీని పొడవు అయిదు అన్నారు. ఆ గీత వైపు చూశాను. చక్కగా, ధైర్యంగా, ఎవడి పొలమో మధ్యనుంచి పోతోంది.

"అటునుంచి ఎలా వస్తాడు సార్? మధ్యలో పైరుంది కదా" అన్నాను.

"ఏ పైరు? పైరు లేదు. ఇది లెక్క."

"పైరు లేకపోతే మరి తిన్నగా పోకుండా వాడు ముందు తూర్పుకెందుకు నడిచాడు సార్?"

సార్ కొలబద్ద కిందికి దించారు. నిజం చెబుతున్నాను, ఈ ప్రశ్నకు ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేదు. నా విద్యార్థులు ఎవరూ అడగలేదు కాబట్టి బతికిపోయాను.

ఇక్కడ మా ఇంటి పరిస్థితి చెప్పాలి. నేను అప్పటికి లెక్కల్లో వరసగా తప్పుతున్నాను. ఈసారి బడి పరీక్షలో లెక్కలు పోతే బోర్డు పరీక్షకు పంపేది లేదని సార్ చెప్పారు. పంపకపోతే దసరా తర్వాత బడి మాన్పించి మునిగుడలో మా మేనమామ చింతపండు గొడౌనుకు పంపేస్తానని అయ్య చెప్పాడు. మా మేనమామ గొడౌనులో పిల్లలకు పనేమిటంటే చింతపండులోంచి గింజలు ఏరడం. సెలవులకు వెళ్ళినప్పుడు చేశాను, గోళ్ళలో పులుపు దిగి అన్నంలో వేలు పెడితే మంట. కాబట్టి ఆ పరీక్ష నాకు చదువుకీ చింతగింజకీ మధ్య గట్టు లాంటిది.

ఆ పరీక్షలోనే వచ్చింది ఆ లెక్క. ఒక పొలానికి రెండు భుజాలు లంబకోణంలో కలుస్తున్నాయి. ఒకటి రెండోదానికంటే పది మీటర్లు ఎక్కువ. ఆ మూలనుంచి ఈ మూలకు కర్ణం యాభై మీటర్లు. భుజాల పొడవు కనుక్కోండి. నేను చిన్న భుజాన్ని ఎక్స్ అనుకుని, వర్గాలు కట్టి కలిపి, వర్గ సమీకరణం చేసి, చెమటలు కక్కుతూ విడగొట్టాను. రెండు జవాబులు వచ్చాయి. ఒకటి ముప్పై, రెండోది మైనస్ నలభై. పొడవు మైనస్ ఉండదు కాబట్టి రెండోదాన్ని కొట్టెయ్యాలని సార్ వందసార్లు చెప్పి ఉన్నారు. నాకు చెయ్యి రాలేదు. మా ఇంట్లో పొట్టు దూడకి, ఊక పొయ్యికి, గంజి మాకు. పారేసేది అంటూ ఏదీ ఉండేది కాదు. అంత కష్టపడి పండించిన రెండు జవాబుల్లో ఒకటి పారబోయమంటే ఎలా? పైగా వేసి చూశాను: మైనస్ నలభైకి పది కలిపితే మైనస్ ముప్పై, రెండింటి వర్గాలూ కలిపితే రెండువేల అయిదువందలు, యాభై వర్గం. ఖచ్చితంగా సరిపోయింది! సరిపోయిన జవాబును కొట్టెయ్యడం న్యాయమా? అప్పుడు నాకు తట్టింది. సార్ ఈ లెక్క కిటికీలోంచి చూసి కట్టారు. అది బడి వెనకున్న మా మడే. దాని మూల దగ్గర గట్టుకు అవతల మా చిన్నాన్నది. ప్లస్ అంటే గట్టుకు ఇవతల, మైనస్ అంటే గట్టుకు అవతల. అలాగే రాశాను. "ముప్పై మా వైపు. మైనస్ నలభై మా చిన్నాన్న వైపు."

సార్ ఆ లెక్కకు సున్నా వేశారు. అది పోతే నేను మొత్తం పరీక్షే పోయినట్టు. మీ నాన్నను తీసుకురా అన్నారు.

అయ్య వచ్చాడు, తలపాగా విప్పి చంకలో పెట్టుకుని, నన్ను తిట్టడానికి సిద్ధపడే వచ్చాడు. సార్ కాగితం చూపించి, నేను రాసింది తనకు వచ్చిన తెలుగులో చదివి వినిపించారు. అయ్య మొహం మారిపోయింది.

"మళ్ళీ సదవండి మేస్టారూ."

సార్ మళ్ళీ చదివారు.

"నలభై మీటర్లే?" అన్నాడు అయ్య. "నాను ఇన్నాళ్ళూ మూడు, నాలుగు మూరలనుకుంటన్నాను! ఏటా గట్టు సెక్కి సెక్కి నలభై మీటర్లు తినేసేడా ఆడు? ఓలమ్మో! మేస్టారూ, మీరు దేవుడు. దీనికింద ఓ సంతకం ఎట్టండి, పెద్దమనుషుల్లో సూపిస్తాను."

(మా అయ్యకూ చిన్నాన్నకూ ఆ గట్టు మీద మాటల్లేవు. ఏటా వేసవిలో గట్టు చెక్కేటప్పుడు ఎవరి పార ఎటు ఎక్కువ పడిందన్న లెక్క మా మామ్మ పోయిననాటినుంచీ తేలలేదు.) సార్ అది భూమి కాదు, లెక్క అన్నారు. అయ్య లెక్కే గావాలన్నాడు. సార్ ఆ జవాబు తప్పన్నారు. "తప్పేటుంది మేస్టారూ? పిల్లడు ఏసి సూసేడు, సరిపోయింది గదా!" అన్నాడు అయ్య. జీవితంలో మా అయ్య చదువు విషయంలో నా పక్షాన నిలబడింది ఆ ఒక్కసారే. నాకు ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను.

సాయంత్రానికి చిన్నాన్నకు కబురందింది, లెక్కల మేస్టారు నలభై మీటర్లు తేల్చేశాడని. మర్నాడు పొద్దున్నే బడి కంచె దగ్గర ఆయన గొంతు. "ఏటండీ మేస్టారూ, సదువు సెప్పడానికొచ్చేరా, అన్నదమ్ములకి తగువెట్టడానికొచ్చేరా? నాను తిన్నానా? ఎవుడు సూసేడు?" వెనకే అయ్య. "ఎవుడు సూడాల? నెక్క సెప్తంది!" సార్ ఇద్దరి మధ్యా కొలబద్ద అడ్డం పెట్టి నిలబడ్డారు. ఆయన చేసిన తప్పేమైనా ఉంటే అది ఇక్కడే. ఇద్దరు అన్నదమ్ములకూ, ఒక మొండి శిష్యుడికీ ఒకేసారి నచ్చజెప్పొచ్చనుకున్నారు. "నేను కొలిచి చూపిస్తాను. ఒక గట్టు ముప్పై, ఒక గట్టు నలభై, మూలనుంచి మూలకు యాభై. మైనస్ ఎక్కడా లేదని అందరూ చూస్తారు" అన్నారు.

బడి హాస్టల్ నూతి చేదతాడుకీ, మా ఎడ్ల పగ్గాలకీ ముడులు వేసి పొడుగు తాడు ఒకటి తయారుచేశారు. ముడులు వేసింది సారే, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. గట్లు రెండూ కొలిచారు, సరిగ్గా వచ్చాయి. రెండు గట్లు కలిసే మూల దగ్గర నన్ను నిలబెట్టి, "నువ్వు లంబకోణం. కదలొద్దు" అన్నారు. నలభై మీటర్ల గట్టు చివర అయ్య, ముప్పై మీటర్ల గట్టు చివర చిన్నాన్న తాడు కొసలు పట్టుకున్నారు. క్లాసంతా బడి కంచె పట్టుకుని చూస్తోంది. తాడు ఇటునుంచి అటు లాగేసరికి మధ్యలో జారి నారు మీద పడబోయింది.

"తాడు! తాడు! నారు లేసిపోద్ది!" అని అరిచాడు అయ్య.

అంతే, సార్ ప్యాంటు మోకాళ్ళపైకి మడిచి, చెప్పులతోనే మడిలోకి దిగిపోయారు. తాడు మధ్య భాగాన్ని నెత్తికి పైగా ఎత్తి పట్టుకుని, పిక్కల్లోతు బురదలో ఒక్కో అడుగూ పీకి వేస్తూ, సరిగ్గా మధ్యలో నిలబడ్డారు. మా వైపు పొలాల చరిత్రలో కర్ణం మీద నడిచిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటారు. అక్కణ్ణుంచి నాకేసి చూసి నవ్వి, "పిలా, బుఝిలు?" అన్నారు. (పిలా అంటే పిల్లాడా అని.) నేను నోరు తెరవబోతున్నాను.

ఇంతలో అయ్యకు అనుమానం వచ్చింది, చిన్నాన్న కొస కాస్త లాగుతున్నాడేమోనని. తాడు ఎటు ఎక్కువ పోతే భూమి అటు కలుస్తుందని ఇద్దరి నమ్మకం. "నాగుతున్నావేటిరా?" "నువ్వు నాగకేటి?" ఇద్దరూ లాగారు. సార్ బురదలో నిలదొక్కుకోలేక తాడు మీదే బరువు మోపి ఉన్నారు. చేదతాడుకీ పగ్గానికీ మధ్య ముడి ఊడింది. అయ్య వెల్లకిలా గట్టు అవతల, చిన్నాన్న వెల్లకిలా గట్టు అవతల, మధ్యలో సార్ వెల్లకిలా నారు మీద. మా సార్ మునిగినచోట కొలబద్ద మాత్రం నిలువుగా నిలబడింది.

ఇప్పుడు రుజువు. లంబకోణ త్రిభుజంలో కర్ణం మధ్యబిందువు మూడు శీర్షాలకూ సమాన దూరంలో ఉంటుంది. కర్ణం యాభై. కాబట్టి సార్ పడ్డ చోటు నాకు పాతిక మీటర్ల దూరం. నా చెయ్యి పాతిక మీటర్లు లేదు. ఈ సిద్ధాంతం ఆ రోజు నాకు తెలియదు. తెలిసిన రోజున రాయగడ కాలేజీ హాస్టల్లో మంచం మీంచి లేచి గంతులేశాను. నేనేదో పాసయ్యాననుకుని పక్క గదివాళ్ళు మిఠాయి అడిగారు.

అయితే మరి పారిపోయాడన్నమాట ఎక్కణ్ణుంచి పుట్టింది? ఇది చెప్పడమే కష్టం. సార్ పడగానే నేను పరిగెత్తిన మాట నిజం. ఆయన్ని లేపడానికే పరిగెత్తాను. కానీ నా కాళ్ళకు పైరులో దిగడం రాదు. గట్టు మీద పరిగెత్తాను. అయ్య ఉన్న మూలకు చేరితే, అప్పటికే ఆయన లేచి మడిలోకి దిగుతున్నాడు కదా, ఆయన తొక్కిన అడుగుల్లోనే దిగొచ్చు, కొత్తగా ఒక్క మొక్క కూడా నలగదు అని నా లెక్క. నలభై మీటర్లు ఊపిరి బిగబట్టి పరిగెత్తి ఆ మూలకు చేరాను. అక్కణ్ణుంచి సార్ ఎంత దూరం? పాతిక మీటర్లే. అంత పరుగూ పరిగెత్తి ఆయనకు జానెడు కూడా దగ్గర కాలేదు. ఇంకో ఘోరం ఏమిటంటే, గట్టు సగంలో ఉన్నప్పుడు ఆయన నాకు పదిహేను మీటర్లలోనే ఉన్నారు. మొహం మీద బురద తుడుచుకుంటూ నన్నే చూస్తున్నారు. ఆ చోటు దాటి పరిగెత్తాను. కంచె దగ్గరున్నవాళ్ళకు కనిపించింది ఇంతే: సార్ పడ్డారు, వీడు పరిగెడుతున్నాడు, ఊరి వైపు. మిగతాది వాళ్ళు కలుపుకున్నారు. వాళ్ళను తప్పుపట్టను. ఆయనకు కూడా అలాగే కనిపించి ఉంటుంది, నన్ను కోసేది అదొక్కటే.

ఆయన్ని లేపింది అయ్యా చిన్నాన్నా. ఒకడు ఈ మూలనుంచి, ఒకడు ఆ మూలనుంచి, నారు తొక్కుకుంటూ తిన్నగా వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. "పట్టు, పట్టు, నడుం కింద సెయ్యెట్టు." "ఎట్టేను గదా, నువ్వు ఎత్తు." చాలా ఏళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ తగువు కాకుండా మాట్లాడుకున్న మొదటి మాటలు అవి. (మర్నాటినుంచి నారు ఎవరు ఎక్కువ తొక్కారన్నదాని మీద మళ్ళీ మానేశారు.) సార్ చెప్పు ఒకటి దొరికింది, రెండోది ఇప్పటికీ దొరకలేదు.

రెండో రోజు సార్ కొత్త చెప్పులతో వచ్చి నన్ను పిలిచారు. చింతగింజలు నా కళ్ళముందు రాసులు పోసుకున్నాయి. నా కాగితం ముందు పెట్టి, "మైనస్ నలభై కొట్టెయ్యి" అన్నారు.

"కొట్టను సార్" అన్నాను. "వేసి చూశాను, సరిపోయింది."

సార్ కిటికీలోంచి మడివైపు చూశారు. మధ్యలో మనిషి ఆకారంలో నారు నలిగి ఉంది. తర్వాత ఎర్రకలం తీసి, నా మైనస్ నలభై పక్కన ఒరియాలో రాశారు: "తప్పు కాదు. ఈ పొలానికి బయట ఉంది." సున్నా కొట్టేసి మార్కులు వేశారు. బోర్డు పరీక్షకు పంపించారు. ఆ తర్వాత తల ఎత్తకుండా అడిగారు, "పిలా, ఎందుకు పారిపోయావు?"

గట్టు సంగతి, నారు సంగతి, అడుగుల్లో అడుగు వెయ్యాలనుకున్న సంగతి, ఇదంతా ఒరియాలో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. బహుశా తెలుగులోనూ తెలిసేది కాదు. కాగితం తీసుకుని క్లాసుకు వచ్చేశాను. ఏడాది చివర ఆయనకు కొరాపుట్ బదిలీ అయింది. అది మామూలు బదిలీ, నా మూలంగా కాదు. మా బావమరిది ఈ వాక్యం రెండుసార్లు చదవాలని మనవి.

మునిగుడ గొడౌను తప్పింది, చదువుకున్నాను, ఆయన ఉద్యోగమే నాకూ వచ్చింది. ఏటా క్లాసులో మైనస్ జవాబు వచ్చినప్పుడు "కొట్టెయ్యండి" అని మాత్రం చెప్పను. "బయట ఉంది, పక్కన ఉంచండి" అంటాను. పైనుంచి తనిఖీకి వచ్చినాయన ఒకసారి ఇదేం పద్ధతని అడిగారు. మా గుణుపురం పద్ధతి అని చెప్పాను. ఏమనుకున్నా సరే.

ఈ రాతకు ముందు ఆదివారం ఊరు వెళ్ళాను. ఆ మడి ఇప్పుడు మడి కాదు. అయ్యా చిన్నాన్నా పోయాక రెండిళ్ళ పిల్లలం కలిసి అమ్మేశాం, ఇళ్ళ స్థలాలకు రాళ్ళు పాతారు, ఇంకా కట్టలేదు. గట్లు కరిగిపోయాయి. బడి పిల్లలు ఆ మూలనుంచి ఈ మూలకు నడిచి నడిచి మధ్యగా తెల్లటి కాలిబాట ఒకటి పడింది, సార్ బోర్డు మీద గీసినట్టే తిన్నగా. నేను నా పాత మూల దగ్గర నిలబడ్డాను. అలవాటుగా కాళ్ళు గట్టు ఉండే చోటు వైపు తిరిగాయి. తిప్పేశాను. గడ్డి తొక్కుకుంటూ నేరుగా ఆ బాట మధ్యకు నడిచాను. ఎన్ని అడుగులో లెక్కపెట్టలేదు. లెక్కపెడితే ఆయన లెక్కకు సరిపోతుందని నాకు తెలుసు, ఆ సంతోషం ఆయనకు అంత తేలిగ్గా ఇవ్వను. మధ్యలో నిలబడితే మూడు మూలలూ సమానంగానే కనిపించాయి. సైకిల్ మీద పోతున్న పిల్లాడెవడో బెల్లు కొట్టి, "అడ్డం నేవండి తాతా" అన్నాడు. పక్కకు జరిగి, చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకున్నాక కిందికి చూసి అన్నాను.

"బుఝిలి, సార్."